నీళ్లు తాగొద్దని చెప్పింది నేనే

పట్టపగలు, ఫౌంటెన్ పక్కన, చేతిలో తుడుపుకర్రతోనే, మేం పిచ్చుక అని పిలుచుకునే పిల్ల పడిపోయింది. సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమెను లేపడానికి కాదు. "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అనే పసుపుపచ్చ బోర్డులు తెచ్చి ఆమె చుట్టూ నిలబెట్టారు. బయట కూర్చుని కాఫీ తాగేవాళ్లకు కనపడకూడదట!

కింద ఖరీదైన దుకాణాలు, పైన అంతకంటే ఖరీదైన ఇళ్లు, మధ్యన రాతిపలకల వీధులు. ఆ వీధుల్లో పడే ప్రతి అడుగు మచ్చనూ తుడిచే ఆడవాళ్లం పద్నాలుగు మందిమి. అక్కడి మరుగుదొడ్లు కడిగేదీ మేమే. కానీ మేం వాడకూడదు. మాకున్నది ఒక్కటే, నేల కింద, కార్లు నిలిపే చోట. దాని తాళంచెవి మేనేజరు జేబులో ఉంటుంది. పూటకు ఒక్కసారి ఇస్తాడు, అదీ ముఖం చిట్లించి.

అందుకే కొత్తగా ఎవరు చేరినా నేనొక విద్య నేర్పేదాన్ని. "పొద్దున్నే గుక్కెడు తాగు. మళ్లీ ఇల్లు చేరేదాకా ముట్టుకోకు. నాలుక ఎండితే చొక్కా గుండీ నోట్లో వేసుకుని చప్పరించు." నాతోనే పనిచేసే మా అమ్మాయి, "నీ తెలివి నాకొద్దమ్మా" అంది. పిచ్చుక మాత్రం బుద్ధిగా విని, "నువ్వు లేకపోతే ఏమైపోదునో అత్తా" అని నవ్వింది.

నెలల తరబడి నీళ్లు చాలక కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయని ఆసుపత్రిలో చెప్పారు. పిచ్చుక మొగుడి ముఖం చూడలేక మెట్ల కింద నిలబడ్డాను. నోరు విప్పితే మా అమ్మాయి పని కూడా పోతుందని భయం. నాకు దేనికి భయం లేదు కనుక!

మర్నాడు పొద్దున చీపుళ్ల గదిలో అందరం చేరాం. పోగేసింది మా అమ్మాయే.

"వెళ్లే చోటు లేకే పిచ్చుక నీళ్లు మానేసింది. పైనున్న మరుగుదొడ్లు మాకూ తెరవాలి" అంది లోపలికొచ్చిన మేనేజరుతో.

"నీళ్లు తాగొద్దని మేం చెప్పామా? ఏ కాగితంలో ఉందో చూపించు" అన్నాడతను.

"అంటే ఎవరూ చెప్పకుండానే మానేసిందా?" అంది మా అమ్మాయి.

అందరూ తలలు దించుకున్నారు. కాగితంలో ఎక్కడుంటుంది? నా నోట్లోంచి వచ్చిన మాట అది. ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేదే. కానీ మా అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది.

"నేనే చెప్పాను" అన్నాను.

మేనేజరు ముఖం వెలిగింది. "విన్నారుగా! ఇదే రాసి సంతకం పెట్టమ్మా."

"ఏం పని చేశావమ్మా!" అంది నా కూతురు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

మాలో అందరికంటే పెద్దదైన బండక్క లేచింది. "ఈ వదిన నాకూ చెప్పింది. నేను ముగ్గురికి చెప్పాను. అందరి సంతకాలూ పట్టాలంటే పెద్ద కాగితమే తెచ్చుకో నాయనా."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు గొంతు వచ్చింది.

"పెడతాను సార్. తాళంచెవి మీ జేబులో ఉందని కూడా రాస్తాను. నా తప్పు నేను మోస్తాను. మీది నా నెత్తిన పెట్టకండి."

మా అమ్మాయి నీళ్ల డబ్బా మూత తీసి మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. పదముగ్గురం కడుపునిండా తాగాం. తిన్నగా పైకెక్కి, అద్దాల తలుపులున్న మరుగుదొడ్ల ముందు వరుసకట్టాం. కొనుగోళ్లకొచ్చినవాళ్లు నోళ్లు తెరిచారు.

"పావుగంటలో పోలీసులొస్తారు!" అని అరిచాడు మేనేజరు.

"చాలు బాబూ, లోపల ఆరు గదులున్నాయి" అంది బండక్క.

పోలీసులొచ్చి మా అమ్మాయి రెక్క పట్టుకున్నారు. మా అమ్మాయికి ఏ ముప్పూ రాకూడదని ఇన్నేళ్లూ వణికాను, అదే వచ్చిపడింది. వణుకుతూనే ఆమె వెనకాలే వ్యాను ఎక్కాను. బండక్క ఎక్కింది. ఒకరి వెనక ఒకరు అందరూ ఎక్కారు.

వ్యాను కదిలింది. కిటికీలోంచి చూశాను. పొద్దస్తమానం మాలాగే ఆపుకుని నిలబడే బట్టల దుకాణం అమ్మాయిలు ఒక్కొక్కరే బయటికొచ్చి, మేం ఖాళీ చేసిన వరుసలో నిలబడుతున్నారు.

వాళ్ల సంగతి పిచ్చుకకు చెప్పాలి. నా తప్పు సంగతి చెప్పాకే.