సగమే ఇచ్చాను

మెదడులో కుర్చీలుంటాయని కార్లీ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కార్లీ మా లోయ పిల్లే. నర్సు చదివి పట్టణంలో ఆసుపత్రిలో పనిచేస్తోంది. మా ఆయన డెల్మర్‌ని ఐదు వారాలు అక్కడ ఉంచుకుని, నొప్పి మాత్రలన్నీ మాన్పించి, ఆ రోజే ఇంటికి పంపుతున్నారు.

"కుర్చీలేమిటే, అర్థమయ్యేలా చెప్పి ఏడువు," అన్నాను.

"రిసెప్టర్లంటారు పిన్నీ. మాత్ర వెళ్ళి వాటి మీద కూర్చుంటేనే నొప్పి తగ్గేది. రోజూ కూర్చుంటే మెదడు విసిగిపోయి కొన్ని కుర్చీలు తీసేస్తుంది, మిగతావి మొద్దుబారతాయి. అందుకే బాబాయికి రెండు చాలక ఎనిమిదయ్యాయి. ఇప్పుడు మానేశాడు కదా, కుర్చీలన్నీ మళ్ళీ వచ్చేశాయి. ఊపిరిని నెమ్మది చేసేవీ అవే. పాత మోతాదు మాత్రం ఇవ్వకు, పోతాడు."

"ఇవ్వనులేవే తల్లీ!" అన్నాను.

మా లోయలో ప్రతి ఇంట్లోనూ మంచు మాత్రలుంటాయి. మంచు పడితే కొండదారి మూసేస్తారు, మందుల షాపేమో నలభై మైళ్ళు. అందుకని వేసవి నుంచే నొప్పి మాత్రల్లో ఒకటీ అరా తీసి కాఫీ డబ్బాలో దాస్తాం. పక్కింటివాళ్ళు అడిగితే పంచదార ఇచ్చినట్టు ఇస్తాం. డాక్టర్లకు చెప్పం. కార్లీ వాళ్ళమ్మా దాచేది. అయినా ఆ రోజు కార్లీ డబ్బా సంగతి అడగలేదు, నేను చెప్పలేదు.

గనిలో పైకప్పు రాయి ఊడి డెల్మర్ నడుము మీద పడి ఆరేళ్ళయింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్నే డెల్మర్ బల్ల అంచు పట్టుకుని వణికిపోతున్నాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన కొత్త మాత్రలు మంచినీళ్ళతో సమానం. మొక్కజొన్న రొట్టె పెడితే ముట్టలేదు.

"వెర్నా, ఒక్కసారి ఇవ్వవే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకోవడానికి వంగగలవా ముసలాడా?" అన్నాను.

ఎప్పుడూ నవ్వేవాడు. ఈసారి ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి.

డబ్బా దించాను. పాత మోతాదు ఎనిమిది. అది ఇవ్వనని మాటిచ్చాను, తప్పలేదు. ఎనిమిది మింగి కట్టెలు కొట్టి, ఆపైన నాతో పోట్లాడినవాడిని నాలుగు ఏం చేస్తాయి? నాలుగే ఇచ్చాను.

కాసేపటికి ముఖం తేటపడింది. "పోయిందే వెర్నా. నొప్పి మొత్తం పోయింది," అన్నాడు చిన్నపిల్లాడిలా.

సోఫాలోనే నిద్రపోయాడు. గురక మొదలైంది. పెద్ద గురక, గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు. ఆరేళ్ళుగా గంటకోసారి మూలుగుతూ లేచే మనిషికి ఇంత నిద్ర పట్టిందే అని ఎంత పొంగిపోయానో! టీవీ కట్టేశాను. తలుపు దగ్గరగా వేసి, వసారాలో కూర్చుని ఆపిల్ పళ్ళ తొక్క తీశాను. పక్కింటి ఆర్ఫా పలకరించడానికొస్తే "ష్, పడుకున్నాడే" అని గుమ్మంలోంచే పంపేశాను.

కాసేపటికి గురక ఆగిపోయింది. ఇంకా గాఢంగా పట్టిందనుకున్నాను. గంట తర్వాత భోజనానికి లేపబోతే పెదాలు నీలంగా ఉన్నాయి.

విషయం తెలిసి మధ్యాహ్నం కార్లీ పరుగెత్తుకొచ్చింది.

"ఎన్నిచ్చావ్ పిన్నీ?"

"సగమే. నువ్వు చెప్పినట్టే పాత మోతాదు ఇవ్వలేదే. సగమే ఇచ్చాను!"

"సగమని నేను చెప్పలేదు పిన్నీ. కుర్చీలన్నీ తిరిగొచ్చాక అసలు ఒక్కటీ ఇవ్వకూడదు. గురక పెట్టాడా?"

"పెట్టాడు. హాయిగా."

"అది నిద్ర కాదు పిన్నీ. ఊపిరాడక కొట్టుకోవడం. అప్పుడు కుదిపి లేపి, ఫోన్ చేసుంటే బతికేవాడు."

ఆ కొట్టుకున్నంతసేపూ ఎవరూ లేపకుండా గుమ్మంలో కాపలా కాసింది నేనే.