చుక్కల రాయి మీద గీత

తెల్లరాయి అయితే పసుపు మరక పట్టి పదిమందికీ చెబుతుంది, నల్లరాయి అయితే ఎన్ని మరకలైనా కడుపులో దాచుకుంటుంది అని భార్య కమల ఎప్పుడో అన్న మాట విశ్వేశ్వరరావుకి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, గ్రానైటు కొట్టు కుర్రాడు సోహైల్ తడిగుడ్డతో తుడిచిన చోటల్లా దుమ్ము కింద నుంచి రాయి రంగు పైకి తేలడం చూసి కాబోలు, రేకుల షెడ్డు కింద గాలి కూడా కాగిపోయి ఉంది, గోడకు ఏటవాలుగా ఆనించిన గ్రానైటు పలకలు రహదారి మీద బొగ్గు టిప్పరు వెళ్ళినప్పుడల్లా సన్నగా గొణుగుతున్నాయి, పక్కన సదానందం మాత్రం గొణగడం లేదు, అందరికీ వినపడేట్టే చెబుతున్నాడు, బావా, నీ ఇష్టం జేబుల పెట్టుకో, రాయి మాత్రం కొనేటోళ్ళ ఇష్టం జూసి తీస్కోవాలె, ఇల్లు జూడనీకి వచ్చిన ఆడోళ్ళు మొదలు పోయేది వంటింట్లకే, గట్టు తళతళ మెరిసిందనుకో, బాత్‌రూంల నల్లా కారుతున్నా కండ్లకు ఆనదు, సోహైల్ నవ్వాడు, విశ్వేశ్వరరావు కూడా నవ్వాడు, సదానందం మాటకు నవ్వడం, తల ఊపడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అలవాటు, ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లలు, ఒంగోలు వైపు నుంచి ట్రంకుపెట్టెతో వచ్చి రామగుండం స్టేషన్లో దిగిన తనకి గోదావరిఖనిలో అద్దెగది చూపించింది ఇతనే, కమల చేత రాఖీ కట్టించుకుని ఆమెని చెల్లె అనీ తనని బావ అనీ వరస కలుపుకున్నది ఇతనే, రిటైరై కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సిన రోజు వచ్చినప్పుడు, బయటోళ్ళ దగ్గరెందుకు బావా, మా ఫ్లాటు నువ్వే తీస్కో అన్నది ఇతనే, నిరుడు కమల పోయాక దినాలు అయ్యేదాకా రెండు పూటలా క్యారియరు మోసింది ఇతనే, ఆ క్యారియరు అడుగు గిన్నెలో పెరుగన్నం మీద రోజూ ఒక నిమ్మకాయ బద్ద ఉండేది, తనకి ఇష్టమని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకున్నారని ఆ బద్దని చివరి ముద్ద దాకా దాచుకుని తినేవాడు, ఇప్పుడు ఒక్కడివి ఆ ఇంట్ల గోడలతోని మాట్లాడుతవా, అమ్మేసి మా గల్లీకి రా, మా పక్క పోర్షను ఖాళీగున్నది, పొద్దున చాయ్ కలిసి తాగొచ్చు అన్నదీ ఇతనే, పిల్లలు లేని మనిషికి ఈ వయసులో అంతకంటే ఏం కావాలి.

కొంటామన్నది కూడా పరాయివాళ్ళు కాదు, విద్య, దవాఖానలో నర్సు, కమల మంచంలో ఉన్నప్పుడు డ్యూటీ దిగి ఇంటికి పోబోతూ కూడా ఆగి, ఆమె మోకాళ్ళ కింద దిండు సర్దిన పిల్ల, మీ ఇల్లయితే కండ్లు మూసుకొని తీస్కుంటం సార్ అంది, మూసుకోవద్దమ్మా, వచ్చి చూసుకో అన్నాడు తను, సదానందమే అడ్డుపడ్డాడు, గట్టు పగిలున్నది బావా, అట్ల జూపిస్తే ధర కోస్తరు, కొత్త రాయి పడ్డంక పిలుద్దాం అని, నిజమే, వంటగట్టు మీద పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా వంకరగా పాకిన పగులు, వేసింది మంచి రాయే, నల్లటి నలుపు మీద వెండిరజను చల్లినట్టు చుక్కలు, ఒంగోలు దగ్గర చీమకుర్తి రాయి, ఇల్లు చూపించిన రోజున సదానందం దాని మీద చెయ్యేసి, చెల్లె, మీ దిక్కు రాయే, నీకోసమే ఏరి ఏయించిన అంటే కమల దాన్ని చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది, మా ఊరి రాయండీ, మనకంటే ముందే వచ్చి కూర్చుంది చూడండి అంది, ఆ రోజే మాట ఖాయమైంది, రెండో ఏడు ఎండాకాలం, పుట్టింటి చిన్నరోలు గట్టు మీద పెట్టుకుని కందిపచ్చడి నూరిన రోజు, సాయంత్రం తుడుస్తుంటే వేలికి ఏదో తగిలింది, వెంట్రుక అనుకుంది, తీస్తే రాలేదు, ఏమండీ అని పిలిచింది, ఆ పిలుపులోనే ఏదో విరిగి ఉంది, నేనే పగలగొట్టానండీ, అన్నయ్య ఏరి వేయించిన రాయి, దీని మీద దంచకూడదని నాకు తోచలేదండీ, ఆదివారం సదానందం వస్తే చాయ్ ఇవ్వకముందే ఆమే చెప్పేసుకుంది, తలదించుకుని, అతను వంగి ఆ గీతని చూశాడు, చాలాసేపు చూశాడు, అంతసేపు ఎందుకు చూశాడో అప్పుడు ఎవరికీ అనిపించలేదు, తర్వాత లేచి నవ్వి, ఒంగోలు చేతులు ఇంత మోటువని ఎరుకైతే ఇనుపగట్టు ఏయిస్తుంటి చెల్లె అన్నాడు, అందరూ నవ్వారు, కందిపచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు, ఆ తర్వాత కమల రోలుని కింద పెట్టుకుని నూరేది, మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని లేచేది, కొన్నాళ్ళకి రోలునే పనిమనిషికి ఇచ్చేసింది, గట్టు మీద పూలపూల ప్లాస్టిక్ గుడ్డ పరిచి నాలుగు అంచులూ అంటించేసింది, ఇక మిక్సీ పచ్చడే, మిక్సీ పచ్చడికి ఆ రుచి రాదు కమలా అని తను ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా.

సదానందానికి ఫోను వచ్చి షెడ్డు బయట వేపనీడకి వెళ్ళాడు, సోహైల్ టేపు మెడలో వేసుకుని ఏ అపార్టుమెంటు సార్ అని అడిగాడు, చెప్పాడు, కింది ఫ్లోరా, వెనుక మూలదా అని మళ్ళీ అడిగాడు, అవునన్నాడు, అయితే నిండు పలక వద్దు సార్, రెండు ముక్కలు జేసి పొయ్యి పక్కకు జాయింటు ఇస్త, లేకుంటే ఇది గూడ పగుల్తది అన్నాడు, ఈసారి దాని మీద ఎవరూ దంచరులే బాబూ, దంచే మనిషి లేదు అని విశ్వేశ్వరరావు మర్యాద కోసం నవ్వబోయాడు, దంచుడుకు గాదు సార్ అన్నాడు సోహైల్, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ, ఎండ ఎక్కువున్నది అన్నంత మామూలుగా, ఆ మూల కింద ఇటుక బట్టీ గుంత ఉండె, పూడ్చి కట్టిండ్రు, గోడలు పిల్లర్ల మీదున్నయి, వాటికేం గాదు, నేల మాత్రం బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయినప్పుడల్లా జరంత జరంత కుంగుతది, గట్టు నిలబడ్డది నేల మీద గదా, రాయి వంగదు, ఇరుగుతది, మీకంటె ముందు సదానందం కాక ఉన్నప్పుడు గూడ ఇరిగింది, మీకు అమ్మే ముందు మా అబ్బ పోయి మార్చిండు, జాయింటు ఇస్తనంటే కాక వద్దన్నడట, జాయింటు జూస్తే ఎందుకని అడుగుతరు, నిండుదే ఏయి, షెడ్డుల ఏది మిగిలుంటే అది ఏయి అన్నడట, నల్లది ఒకటి మిగిలుంటే ఏసిండు, మీకు కాక చెప్పే ఉంటడు గదా సార్, చెప్పాడు అన్నాడు విశ్వేశ్వరరావు, ఎందుకలా అన్నాడో తెలియదు, సదానందం పరువు పోకుండా నోరు తనంతట తనే కదిలింది, షెడ్డుల ఏది మిగిలుంటే అది, నీకోసమే ఏరి ఏయించిన, రెండు మాటలూ ఒకే గొంతులో, ఒకదాని మీద ఒకటి, ఏది ముందన్నాడో కూడా తెలిసిపోతోంది, కాళ్ళ కింద నేల నిజంగానే కొంచెం జరిగినట్టయి పక్కనున్న పలకని పట్టుకున్నాడు, వేడిగా ఉంది, సోహైల్ కుండలో నీళ్ళు ముంచి గ్లాసు చేతికిచ్చాడు, చల్లటి నీళ్ళు, కొంచెం మట్టివాసన, అవతల వేపచెట్టు కింద సదానందం ఫోను చెవికి పెట్టుకునే తన వైపు చెయ్యి ఊపాడు, అలవాటు కొద్దీ తనూ ఊపాడు.

రాయి సంగతి రేపు చెబుతామని స్కూటరెక్కారు, ఎండ కొడుతది బావా అని సదానందం తన మెడలోని తువ్వాలు తీసి విశ్వేశ్వరరావు తలకి చుట్టాడు, చెమట వాసన, ఎన్నో ఏళ్ళుగా తెలిసిన వాసన, వెనుక కూర్చుంటే అతని భుజం మీద చెయ్యి వేయడం తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు, ఈ భుజమే కదా కమలని మోసింది, నలుగురిలో ముందు ఎడమవైపు, తను చూస్తూనే ఉన్నాడు, ఆ రోజు ఆ మనిషి ఏడ్చాడు, దొంగ ఏడుపు కాదు, దొంగదైనా బాగుండేది, అయితే ఆమె రోలుని కింద పెట్టుకుని నూరుతుంటే ఇతను కుర్చీలో కూర్చుని చూసిన రోజులున్నాయి, మోకాళ్ళ నొప్పులు పెట్టుకొని ఎందుకు చెల్లె అన్నాడు కూడా, తెలుసు, తెలిసే అన్నాడు, ఆ మూలకి ఇటుక బట్టీ ఉండేదా సదానందం, అని గాలిలోకి అడిగాడు, చేతి కింద భుజం గట్టిపడింది, బండి మాత్రం అదే వేగం, టిప్పరుని దాటాక జవాబు వచ్చింది, సోహైల్‌గాడు చెప్పిండా, అది ఎప్పటి ముచ్చట బావా, చిన్నప్పుడు మేం గోలీలాడిన గుంత, ఇల్లేం కూలదు, ఇంజనీరుకు జూపించినంకనే నీకిచ్చిన, గట్టొక్కటే జర సతాయిస్తది, ఫికర్ చెయ్యకు, ఈసారి జాయింటు ఏయిద్దాం, విద్య వాళ్ళు అడిగితే డిజైనని చెప్దాం, అడగరు గూడ, నీ ముఖం జూసి తీస్కుంటున్నరు, నీ ముఖం జూసి, తను కూడా అలాగే తీసుకున్నాడు, ఒక ముఖం చూసి, కాదు, అది అడగాలనుకున్నది కాదు, మరి కమలకి ఎందుకు చెప్పలేదు అన్నాడు, నావల్లే పగిలిందని ఆమె తలదించుకున్నప్పుడు ఒక్కమాట అనొచ్చు కదా, సదానందం స్పీడుబ్రేకరు దగ్గర నెమ్మదించాడు, వెనక్కి తిరగలేదు, నేనేమన్ననా బావా, చెల్లె తనంతట తనే నావల్ల పగిలిందన్నది, నేనేమంట, అన్నాడు, గేటు దగ్గర దిగాక సదానందం జేబులోంచి పోర్షను తాళంచెవి తీసి విశ్వేశ్వరరావు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రేపు సున్నం ఏయిస్తున్న, ఏ రంగు గావాల్నో చెప్పు అన్నాడు, ఆ గొంతులో ప్రేమే ఉంది, అదే భరించరానిది, తువ్వాలు తిరిగివ్వడం ఇద్దరూ మరిచిపోయారు.

ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది, ఆపకుండా వెళ్ళినట్టున్నాడు, వంటింట్లో పూలగుడ్డ మీద పొద్దుటి టీ గ్లాసు, దాని చుట్టూ నాలుగు చీమలు, గ్లాసు తీసి, స్టవ్వు తీసి, గుడ్డ అంచు గోటితో లేపాడు, ఆమె అంటించిన టేపు ఎండిపోయి పొరలు పొరలుగా ఊడుతోంది, ఈ మూల ఎంత నేర్పుగా మడిచిందో, బీరువాలో చీర మడిచినట్టు, లాగితే ఒక్కసారిగా వచ్చేసింది, కింద గీత ఒక్కటే ఉంటుందనుకున్నాడు, గీతలో తెల్లసిమెంటు ఉంది, నలుపులో తెలుపు కనిపిస్తుందని కాబోలు దాని మీద కాటుక రుద్ది ఉంది, అది మధ్యలో మళ్ళీ చీలింది, ఆ చీలికలో కొవ్వొత్తి మైనం, మైనం కూడా చీలింది, దాని మీద ఇంకేదో, గోరు పెట్టి గీకితే గోధుమపిండిలా రాలింది, ఎప్పుడు చేసింది ఇవన్నీ, తను కూరగాయలకి వెళ్ళినప్పుడా, మధ్యాహ్నం పడుకున్నప్పుడా, ఒక్కొక్కటీ మూసి, ఇక తెరుచుకోదనుకుని, మళ్ళీ తెరుచుకుంటే మళ్ళీ తనవల్లే అనుకుని, ఈసారి ఏం బరువు పెట్టాను, కుక్కరు దించేటప్పుడు గట్టిగా దించానేమో అనుకుని, ఈ పూలగుడ్డ కింద ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, అంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు, కిటికీ అద్దం జల్లుమంది, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి, ఎప్పుడూ ఈ వేళకి కమల పాలగిన్నె మూత పట్టుకుని నిలబడేది, తను ఆ చోటే నిలబడి రాయి మీద అరచెయ్యి పరిచాడు, చేతి కింద పగులు రెండు అంచులూ వెంట్రుకవాసి ఒరుసుకున్నాయి, తెలిసింది, స్పష్టంగా తెలిసింది, ఇంట్లో ఎవరూ ఏమీ దంచడం లేదు, కుక్కరు లేదు, రోలు లేదు, ఆమె లేదు, రాయి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

పోనీలే కమలా, రాయే కదా, అన్నాడు తను, పగులు కనిపించిన ఆ రోజు, భుజం తట్టి, ఎంత మెత్తగా అన్నాడో, విసుక్కోలేదు, ఒక్క మాట అనలేదు, ఎంత మంచివారండీ మీరు అని ఆమె కళ్ళు తుడుచుకుంటే లోపల ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగింది, ఇన్నాళ్ళూ ఆ జ్ఞాపకాన్ని మంచి జ్ఞాపకాల్లోనే దాచుకున్నాడు, ఆమెని నొప్పించని రోజుల్లో ఒకటిగా, ఇప్పుడు దాన్ని తిప్పి చూస్తే వెనకవైపు ఇలా ఉంది, పోనీలే అనడమంటే నువ్వే చేశావు అనడమే, సదానందం అబద్ధమాడలేదు, ఆమెని అననిచ్చి ఊరుకున్నాడు, దాని మీద ముద్ర మాత్రం తన చేత వేయించాడు, ఆమె చెయ్యని తప్పుకి తన చేత క్షమింపజేశాడు, తప్పు మోపితే ఏదో ఒకరోజు ఎదురు తిరిగి ఉండేదేమో, క్షమిస్తే ఎదురు తిరగడానికి ఏముంటుంది, అలా క్షమించబడిన మనిషిగానే పోయింది, ఆ క్షమాపణని ఆమె మీద నుంచి ఎవరు దించుతారు, అరచేతిలో పోర్షను తాళంచెవి ఇంకా ఉంది, ముద్రపడేంత గట్టిగా పట్టుకున్నాడు, దాన్ని గట్టు మీద, పగులు పక్కన పెట్టాడు, ఫోను తీశాడు, విద్యా, డ్యూటీ దిగాక ఇలా రా అమ్మా, మీ ఆయనని కూడా తీసుకురా, కొత్త రాయి ఏమీ వేయడం లేదు, ఉన్నది ఉన్నట్టు చూద్దువుగాని, అవతల ఆమె సరే సార్ అంది, ఏమైంది సార్, తిన్నరా అంది, తిన్నానన్నాడు, ఇల్లు అమ్ముడుపోయినా పోకపోయినా, ధర వచ్చినా రాకపోయినా, రేపు పొద్దున చాయ్ ఎవరితో తాగుతాడో తెలియకపోయినా, వచ్చీ రాగానే ఆ పిల్లని వంటింట్లోకి తీసుకొచ్చి గీత మీద చెయ్యి వేయించాలి, నేల సంగతి, బట్టీ గుంత సంగతి, సదానందం సంగతి ఆ తర్వాత, ముందు ఇది నా భార్య పగలగొట్టింది కాదమ్మా అని మొదలుపెట్టాలి, ఆ ఒక్కమాట ఈ వంటింట్లో, పైకి, ఇంకో మనిషి చెవిన పడేలా అనాలి.