మీనా పేరు కంపెనీది

అది 1972. ఆదివారం ఒంటిగంటయితే కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లోని తెలుగు రేవు కార్మికుల వాడలో ఏ ఇంట చూసినా రేడియో మోగేది. "నమస్కారం, నేను మీ మీనాను" అని ఆ గొంతు పలకగానే ఆడవాళ్లు గరిటెలతోనే గుమ్మాల్లోకి వచ్చేవారు. ఒక తలనూనె కంపెనీ సమర్పించే హిందీ పాటల కార్యక్రమం అది. ఆ మీనా తమ వాడపిల్లేనని, క్రేను నడిపే మరియదాసు కూతురు జెరూషాయేనని ఎవరికీ తెలియదు.

తెలియకూడదని ఒట్టు వేయించుకున్నది తండ్రే. "ఉద్దోగం సేసుకో. మన పేరు మాత్రం బైట పడకూడదు. మరియదాసు కూతురు ఊరందరికీ పాటలేస్తందంటే సర్చి సంగంలో తలెత్తుకోగలనేటి?" అన్నాడు. ఆ మాట విన్న భవానీపూర్ స్టూడియో యజమాని ఘోషాల్ బాబు నోట్లో చక్కెర పోసినట్టయింది. మీనా పేరు ఆయన పెట్టిందే.

నాలుగేళ్లు జెరూషా శ్రోతల ఉత్తరాలు చదివింది, రికార్డులు ఏరింది, మాటలు రాసుకుని పలికింది. అంతలో ఆసన్‌సోల్ నుంచి నర్సు చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసింది: "దీదీ, నాకూ మీ పని చేయాలనుంది. ఇంట్లో నవ్వుతున్నారు. మీ అసలు పేరేమిటి?"

ఆ ప్రశ్న జెరూషాను నిలవనీయలేదు. ఆ వారం రికార్డింగులో ఉత్తరం చదివి, "చెల్లీ, నా పేరు జెరూషా. రేవులో క్రేను నడిపే మరియదాసు కూతుర్ని" అని చెప్పేసింది.

ఆదివారం ఉత్తరం వినిపించింది. వెంటనే పాట మొదలైంది. జవాబున్న ముక్కను టేపులోంచి బ్లేడుతో కోసేశారు.

సోమవారం వెళ్లి అడిగింది. "మీనా పేరు కంపెనీది. నీ పేరు చెప్పుకుంటే రేపు జీతం పెంచమంటావు, ఎల్లుండి ఇంకో స్టూడియోకు పోతావు" అన్నాడు ఘోషాల్ బాబు.

"గొంతు నాది కదా, దాదా?"

"గొంతులు దొరుకుతాయి. ఇక రావద్దు."

మరుసటి ఆదివారం ఒంటిగంటకు, "నమస్కారం, నేను మీ మీనాను" అంది మరో పిల్ల. పక్కింటి గురవమ్మ గుమ్మంలో నిలబడి, "మీనాకి రొంప పట్టినట్టుంది పాపం, గొంతు మారిపోనాది" అని జాలిపడింది.

మరియదాసు ముద్ద కంచంలో వదిలేసి లేచాడు. "రొంప కాదు గురవమ్మా. ఇన్నాళ్లూ మాటాడింది మా జెరూషాయే."

"సాల్లే మావా, పరాసికాలు!" అని ఆమె నవ్వి లోపలికి పోయింది.

అతడు ఎంగిలి చేత్తోనే కూతురి ఎదుట నిలబడ్డాడు. "నీ పేరు దాసేసింది నానేనమ్మా. ఆడు దాన్నే అనువు సేసుకుని నీ గొంతు అమ్ముకున్నాడు. దొంగకి తలుపు తీసినోణ్ణి నానే."

జెరూషా ఓదార్చలేదు. "ఈ మాటాడతన్న పిల్లకీ సొంత పేరొకటి ఉంటాది నాన్నా. దాన్నీ ఇంటికాడ ఎవరో దాసేసుంటారు" అంది.

చదువరులారా! పరువు కోసమని ఆడపిల్ల పేరును ఇల్లు దాచిపెడితే, ఆమె కష్టాన్ని బయటివాడు నిశ్చింతగా దోచుకుంటాడు.