పాట పట్టిన బండలు

తాండూరుల పొద్దుగాల్ల ముందుగాల లేచేది బండల మిషన్లే. షబ్బీర్ పాలిష్ యార్డుల గూడ అంతే. మిషన్ నడిపే జంగప్ప చాయ్ తాగి, లుంగీ పైకి మడిచి కట్టి, మిషన్ పెట్టక ముందు పచ్చి బండ మీద నీళ్లిడుస్తడు. ఆ మొదటి నీళ్లు పడేటప్పుడు ఎవ్వరు నోరు తెరవొద్దు. తాతల కాలం నుంచి అదే పద్ధతి. ఎందుకంటె మొదటి నీళ్లప్పుడు ఏది వింటె అది బండ పట్టుకుంటది. తర్వాత ఎవలింట్ల పరిచినా, కాలు పడంగనే అదే పలుకుతది.

పరిగిల ఒక వకీలు సాబ్ ఇంటి మెట్టున్నది. కాలు పెట్టంగనే "అమ్మో, సచ్చిన్రో" అని మొత్తుకుంటది. అది పాలిష్ అయిన దినం ఎవని బొటనవేలో నలిగిందన్నట్టు. బొంరాస్‌పేటల ఒక బడి వరండ గూడ్సు బండి లెక్క కూత పెడ్తది. పిల్లలు దాని మీద ఎగురుతరు, సార్లు దాటుకుంట పోతరు. ఎవలకు ఏం ఫికర్ లేదు.

షబ్బీర్ బిడ్డ సిద్రా మాత్రం ఆ దినం పొద్దుగాల్నే పరేషాన్‌ల ఉన్నది. ఆఫీసు రూముల ప్లాస్టిక్ కుర్సీ మీద కూసొని ఫోన్ చూస్తున్నది. ఇంకో నలుగురు గ్రూపుల నుంచి ఎల్లిపోయిన్రు. బై గూడ చెప్పలే.

ఆ గ్రూపు గేట్ బ్యాండ్ అభిమానులది. గేట్ బ్యాండంటె తాండూరు పోరగాండ్లే. అతీఖ్ పాడుతడు, మల్లేశ్వర్ డప్పు కొడ్తడు, ఏసుదాసు చర్చిల నేర్చుకున్న కీబోర్డు వాయిస్తడు. రైల్వే గేటు పడి జనం ఎండల నిలవడ్తె, బండ్ల నడుమ నిలవడి పాడేటోళ్లు.

"గేటు పడ్డదిరో తమ్మి, గేటు పడ్డది
గూడ్సు బండి పోయేదాంక గుండె ఆగది"

గేటు లేచినంక గూడ జనం బండ్లు తియ్యకపోయేది. ప్రాక్టీసుకు జాగ లేదంటె షబ్బీర్ తన యార్డుల షెడ్డిచ్చిండు. జంగప్ప గులిగిండు. "పాటనే గద, తిట్టు కాదు గద" అన్నడు షబ్బీర్. అట్ల బండలు పాట పట్టినయి. వికారాబాద్ నుంచి, బంట్వారం నుంచి పోరగాండ్లు ట్రాలీలు కట్టుకొని వచ్చిన్రు. పాట బండలు లేనిది ఇల్లు కట్టేదే లేదని ఇంట్ల కొట్లాడినోళ్లున్నరు. సిద్రా అప్పుడు ఇంటర్. గ్రూపు పెట్టింది, పాటలు రాసి పెట్టింది, బ్యాండును ఏమన్న అన్నోనితోని రాత్రంత టైపు చేసి కొట్లాడింది.

తర్వాత బ్యాండు హైదరాబాద్ పోయి, పాట తీరే మార్చింది. ఈమె బీఎస్సీ అయిపోయింది. వికారాబాద్‌ల ఒక దవాఖాన ల్యాబుల ఉద్యోగమొచ్చింది. ఒకటో తారీఖు కల్ల చేరకుంటె ఇంకొకరిని పెట్టుకుంటమన్నరు. "ఆదివారం వికారాబాద్‌ల బ్యాండ్ ప్రోగ్రాం ఉన్నది, అదైనంక చూస్త" అన్నది. గ్రూపుల మాటిచ్చింది మరి: ఆదివారం అతీఖ్‌తోని పాత పాటే, పాత తీరునే పాడిపిస్త అని. ఆ పాట తిరిగొస్తె తన ఇన్నేండ్లు ఖరాబు కాలేదని ఆమె లెక్క.

గేటు ముంగట ట్రాలీ ఆగింది. వికారాబాద్ నవీన్‌కుమార్ దిగిండు. మోచెయ్యి మీద గేట్ బ్యాండ్ అని పచ్చబొట్టు ఏపిచ్చుకున్నోడు. ఇప్పుడు ఫుల్ చేతుల అంగీ ఏస్తున్నడు.

"సిద్రా, గీ బండలు తీస్కో. మూగ బండలుంటె ఇయ్యి."

"నవీనన్నా, నువ్వు గూడనా?"

"ఏం జెయ్యాలె చెల్లె? రాత్రి నీళ్లకు లేస్తె పాట. పోరడు పండుకుంటె పాట. మొన్న మా తాత పోయిండు. పీనుగను ఎత్తినం. ఎనిమిది కాళ్లు ఒక్కసారి పడ్డయి. గూడ్సు బండి పోయేదాంక గుండె ఆగది అని అందుకున్నది. మా మేనత్తలు ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వక కొంగులు అడ్డం పెట్టుకున్నరు. నా పెండ్లాం పద్మారాణి ఆ దినమే చెప్పింది, బండలన్న ఉండాలె, నేనన్న ఉండాలె అని."

"బ్యాండ్ మారిందని అందరు ఇడిసిపెడుతున్నరు. నువ్వు గూడ..."

"బ్యాండ్ మారితె నాకేంది? బండ మారలే గద. ఏసినప్పటి నుంచి అదే పాడుతున్నది. నేనే మారిన." నవీన్ బండలు దించుకుంట అన్నడు. "కోపమేం లేదు. ఒకప్పటి దోస్తు రోజు ఇంటికొచ్చి కూసుంటె ఎట్లుంటది? గట్ల."

సిద్రాకు నెత్తి కాలింది. తిట్టి పోయినోళ్లు నయం. గిట్ల మెల్లగ చెప్పి పోయేటోళ్లతోని ఏం కొట్లాడ్తరు?

ఆమె దగ్గర ఒక బండ ఉన్నది. పాట మొట్టమొదలు పట్టింది అదే. గోనె సంచులు చుట్టి, ఆఫీసు ఎనుక గోడకు నిలవెట్టింది. ఒక్క కాలు దాని మీద పడనియ్యలే. తనది గూడ. పాట అరిగిపోతదని భయం. నాయనమ్మ గౌసియాబీ దాన్ని చూసినప్పుడల్ల "బండకు బుర్ఖా ఏసినవేందే?" అని నవ్వుతది.

శనివారం అతీఖ్ వచ్చిండు. పెద్ద కారు, నల్లద్దాలు. గడ్డం కొత్త తీరు గీపిచ్చుకున్నడు. షబ్బీర్ చాయ్ తెప్పిచ్చిండు. గౌసియాబీ "బక్కగయినవ్ రే, ఆడ తిండి పెట్టరా?" అన్నది. అతీఖ్ చాయ్ ముట్టలే.

"సిద్రా, జర నా మాటిను. గా మొదటి బండ నీ దగ్గరనే ఉన్నదంట గద?"

"ఉంటె?"

"పాట మర్చిపోయిన." నేల చూసుకుంట చెప్పిండు. "మాటలు యాదికున్నయి. ఆ పాడుడు యాదికి లేదు. మొన్న అదే పాటకు కంప్యూటర్ బీటేసి కొత్తగ చేసినం గద, ఎంత పాడినా గదే వస్తది. మల్లేశ్వర్ డప్పు మూల పెట్టిండు. ఏసుదాసు నాతోని మాట్లాడ్తలేడు. రేపు వికారాబాద్‌ల పాత తీరు పాడకుంటె మనోళ్లు నన్ను ముంచుతరు. ఒక్కసారి దాని మీద నిలవడనియ్యి."

సిద్రాకు ఏడ్పొచ్చింది, సంతోషమైంది, కోపమొచ్చింది. అన్ని ఒక్కసారే. ఇన్నేండ్లు దాచింది గీ గడియకే గద అనుకున్నది. జంగప్పను పిలిచింది. ఇద్దరు కలిసి గోనెలిప్పి, బండను ఇసుక మీద పరిచిన్రు. ఒక్క గీత లేదు దాని మీద. అతీఖ్ బూట్లిప్పి ఎక్కిండు.

ఏం లేదు.

కాలు గట్టిగ కొట్టిండు. ఎగిరిండు. సిద్రా చెప్పులిడిసి ఎక్కింది. మొదటిసారి. బండ సల్లగ తాకింది, అంతే. వంగి చెవి పెట్టింది. యార్డు బయట ఎవలదో బండి హారన్ తప్ప ఏం ఇనవడలే.

"తొక్కని బండకు పాటెట్ల నిలుస్తదే?" అన్నది గౌసియాబీ, పాన్ నములుకుంట. ఏదో అన్నం మాడిందన్నంత తేలిగ్గ.

అతీఖ్ ఎనుకకు జరిగిండు. జరిగి నవీన్‌కుమార్ ఇడిసిపోయిన బండల మీద కాలు పెట్టిండు. పాట లేచింది. అతీఖ్ గొంతే, పాత గొంతే. గని నడుమ నడుమ కుక్కర్ విజిల్, పోరని ఏడ్పు, పద్మారాణి "చెప్పులు బయట ఇడువుమని ఎన్నిసార్లు చెప్పాలె" అనుడు, అన్ని, ఏండ్లకేండ్లు తొక్కంగ తొక్కంగ, తాళంల కలిసిపోయినయి. విసిగిపోయి తొక్కినోళ్ల ఇంట్ల పాట మస్తుగ బతికున్నది. పానం లెక్క చూసుకున్న బండ మూగగ పడి ఉన్నది.

అతీఖ్ ఆ నవీన్ బండల మీదనే కూలవడ్డడు. కండ్లు మూసుకొని, "గిది మంచిగున్నది సిద్రా. గిదే తీస్కపోత" అన్నడు.

అప్పుడు ఓపిక తెగింది సిద్రాకు.

"ఏం మంచిగున్నది? నీకేం మంచిగున్నది? నువ్వు పాడినవు, పోయినవు. నేను నీ పాట మోసుకుంట తిరిగిన! నీకోసం ముక్కుమొఖం తెల్వనోళ్లతోని లొల్లి పెట్టుకున్న. నా దోస్తులు నౌకర్లకు పోయిన్రు, పెండ్లిళ్లయి పోయిన్రు. నేను గా కుర్సీల కూసున్న. నువ్వు పాడింది ఇంకొకని ఇంట్ల ఉన్నది. నాదేమున్నది చెప్పు? నాదంటూ ఒక్కటున్నదా? చాలు. ఇంక గా కుర్సీల కూసునుడు నాతోని కాదు. చాలు!"

అప్పటికే పక్కన జంగప్ప పచ్చి బండ మీద నీళ్లిడిసిండు. చెయ్యూపుతున్నడు, నోటి మీద వేలు పెడుతున్నడు. ఆమె చూడలే. నీళ్లు పారిపోయినయి. బండ అంత పట్టుకున్నది.

అతీఖ్ లేచిండు. నవీన్ బండలు కారుల ఏసుకొని పోయిండు.

ఆదివారం సిద్రా పాసింజరెక్కి వికారాబాద్ పోయింది. మైదానం నిండింది. అతీఖ్ ఏదో నడిమి తీరు పాడిండు, అటు పాతది కాదు, ఇటు కొత్తది కాదు. ముందటోళ్లు ఎగిరిన్రు, ఎనుకోళ్లు "పాతది పాడురా" అని మొత్తుకున్నరు. సిద్రా చేతులు కట్టుకొని నిలవడ్డది. ఆమెకు సప్పట్లు కొట్టబుద్ధి కాలే, తిట్టబుద్ధి గూడ కాలే. పల్లీలు కొనుక్కొని, పాట నడుమల్నే స్టేషన్‌కు నడిచింది. ఇంటికొచ్చి గ్రూపు తెరిస్తె ఒకటే లొల్లి: మోసం చేసినవ్ సిద్రా అని కొందరు, నువ్వే గొప్పదానివి అని కొందరు. ఎవలకు జవాబియ్యలే.

దవాఖానకు గూడ ఫోన్ చెయ్యలే. మల్ల పొద్దుగాల్నే కుర్సీకి పోయింది. ఆఫీసు రూము కడపల కాలు పెట్టంగనే ఉలికిపడ్డది.

"నాదేమున్నది చెప్పు? నాదంటూ ఒక్కటున్నదా? చాలు. ఇంక గా కుర్సీల కూసునుడు నాతోని కాదు!"

"అబ్బా! గిదేంది?"

"పాత కడప పగిలింది బేటా," అన్నడు షబ్బీర్. "గీ తిట్ల బండ ఎవలు కొంటరు? ఈడ ఏసిన."

సిద్రా దాటుకుంట పోయి కూసున్నది. మనసు నిలవలే. చాయ్‌కు లేస్తె కాలు పడ్డది, మల్ల అదే మాట. లారీ డ్రైవర్ వచ్చిండు, బండ తిట్టింది. ఆయన జర ఆగి, "నిజమే" అనుకుంట లోపలికొచ్చిండు. పూటకు ఎన్నిసార్లో. తన గొంతే, తను అన్న మాటే, ఎవలో పక్కకు నిలవడి అడిగినట్టు. అతీఖ్ మీద ఇసిరిన మాట అతీఖ్ కారెక్కలే. ఈడనే మిగిలింది.

నెలాఖరు దినం చెప్పులు చేతుల పట్టుకొని కడపల నిలవడ్డది. బండ మొత్తం చెప్పేదాంక ఇన్నది. ఒక కాలు ఎత్తి, మల్ల పెట్టింది. ఇంకోసారి ఇన్నది. లోపలికి పోలే. ఆడనే నిలవడి దవాఖానకు ఫోన్ చేసింది.

"రేపు పొద్దుగాల్ల వస్త మేడం. ఆ. పక్కా."

ఫోన్ పెట్టి ఎనుకకు తిరిగితె జంగప్ప. ఆఫీసుల పనేం లేకున్నా ఆ దినం కడప దాటుడు ఆయనకు మూడోసారో నాలుగోసారో. కాలు ఆనిచ్చి, తల ఊపుకుంట ఇంటున్నడు. దొరికిపోయినట్టు నవ్విండు.

"మస్తు తిడ్తవు బిడ్డా. తాళం తప్పకుంట తిడ్తవు. నువ్వు పో. ఇనేటందుకు మేమున్నం."