పై ఇంటి నీళ్ళు

హిసానోకు కొండవాలులో పై ఇంటి గెంజిరో మీద అనుమానం ఈ చలికాలంలో కొత్తగా పుట్టిందేమీ కాదు. అయిదేళ్ళ కిందట కోయి అనే రంగు చేపల అందాల పోటీలో ఆమె మొగుడు త్సునెకిచి పెంచిన చేప ముందు గెంజిరో చేప ఓడిపోయింది. ఆ రోజు గెంజిరో నవ్వుతూ వచ్చి త్సునెకిచి భుజం తట్టాడు. ఓడిపోయినవాడు నవ్వడమేమిటి, ఇందులో ఏదో ఉంది అని హిసానో అప్పుడే అనుకుంది. ఆవిడ అలాంటి మనిషి. ఎవరైనా తిడితే మర్చిపోతుంది గానీ, నవ్వితే మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుంది.

త్సునెకిచి పోయి రెండేళ్ళయింది. ఆ చేప మిగిలింది. ఎరుపూ తెలుపూ కలిసిన ఆడచేప, మూరన్నర పొడుగు, ఇరవై రెండేళ్ళ వయసు. దానికి పేరు లేదు. పేరు పెడితే వదులుకోలేమని త్సునెకిచి ఏ చేపకూ పేరు పెట్టేవాడు కాదు. ఆఖరి రోజుల్లో పరుపు కిటికీ పక్కకు జరిపించుకుని, పెళ్ళాం ముఖం కంటే దాని వీపునే ఎక్కువగా చూశాడు. ఆ సంగతి తల్చుకుంటే హిసానోకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా సరే, ఈ చేప కూడా పోతే ఆయన రెండోసారి పోయినట్టే ఆవిడకు.

నీగాతా కొండల్లో డిసెంబరు వచ్చిందంటే మంచు కిటికీల దాకా లేస్తుంది. పెరటి కొలను పూర్తిగా గడ్డకట్టకుండా ఉండాలంటే ఊట నీళ్ళు ఆగకుండా పడుతూ ఉండాలి. పడే చోట చాపంత మేర తెరిచి ఉంటే చాలు, అడుగున చేపలు వసంతం దాకా కదలకుండా పడుకుంటాయి. ఆ ఊట గెంజిరో ఇంటి వెనక బండల్లో ఉంది. ముందు ఆయన కొలనులో పడి, అక్కణ్ణించి రాతి కాలువలో దిగి హిసానో కొలనుకు వస్తుంది. అంటే హిసానో చేప ప్రాణం గెంజిరో గుప్పిట్లో ఉందన్నమాట. తాతల నాటి నుంచీ అంతే, ఎవరికీ తప్పుగా తోచలేదు. హిసానోకు తోచింది.

దానికి కారణం ఉంది. ఆకులు రాలే రోజుల్లో గెంజిరో గుమ్మంలోకి వచ్చి, "హిసానో, ఆ చేపను నా దగ్గరికి పంపించు" అన్నాడు. అంతే. మిగతాది వినకుండా ఆవిడ తలుపు మూసేసింది.

"మొగుడు పోయిన ఆడదాని దగ్గర ఏది కనిపిస్తే అది అడిగేయడమేనా!" అని మూసిన తలుపుతో అంది.

ఇక అప్పట్నుంచి కాలువ మీద కాపలా మొదలైంది. నవంబరులో నీళ్ళు సన్నబడ్డాయి. చూశావా, నొక్కుతున్నాడు అనుకుంది. డిసెంబరు మొదట్లో నీళ్ళు ఇంకా సన్నబడ్డాయి, కానీ పడే చోట మంచు ఎప్పటికంటే ఎక్కువ మేర కరిగింది. వేరే మనిషైతే సంతోషించేది. హిసానో చెయ్యి పెట్టి చూసింది. ప్రతి ఏడాదీ వేళ్ళు కొరికే నీళ్ళు ఈసారి కొరకలేదు. పొద్దున్నే పొగ కూడా లేస్తోంది.

వెచ్చటి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? ఆ ఊళ్ళో స్నానం చేసిన తొట్టె నీళ్ళు ఎవరూ పారబోయరు. మర్నాడు వాకిట్లో మంచు మీద పోసి కరిగించుకుంటారు. పై ఇంటివాడు ఆ నీళ్ళు తన కాలువలోకి వదులుతున్నాడేమో అని ఆవిడకు మొదటిసారి తట్టింది. ఇంటిల్లిపాది ఒంటి జిడ్డూ, తొట్టెలో కలిపే స్నానపు పొడీ, అన్నీ త్సునెకిచి చేప మొప్పల్లోకే.

రుజువు కావాలి. ఏడాదిలో అన్నిటికంటే పొట్టి పగలు వచ్చి వెళ్ళిన మర్నాడు అది దానంతటదే కొట్టుకొచ్చింది. కాలువ మూతి దగ్గర, రాయికి అతుక్కుని, పసుప్పచ్చగా ఓ యుజు నిమ్మ తొక్క. ఆ పొట్టి పగటి రోజు ఇంటింటా యుజు కాయలు వేసిన వేణ్ణీళ్ళలోనే స్నానం చేస్తారు. ఇంకేం కావాలి? హిసానో దాన్ని కాగితంలో చుట్టి దాచిపెట్టింది. చెక్క పలక తెచ్చి కాలువ మూతికి అడ్డంగా దిగేసింది. నీళ్ళు పక్కకు తిరిగి గట్టు మీదుగా మురుగు గుంటలోకి పోయాయి.

"నీ స్నానం నువ్వే తాగు," అంది పై ఇంటి వైపు చూసి.

రెండు రోజులు ఆవిడే కెటిళ్ళతో వేణ్ణీళ్ళు మోసి కొలను తెరిచి ఉంచింది. మంచుగడ్డను కొట్టకూడదు. కొడితే ఆ అదురుకు కింద చేపలు చస్తాయి. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం కరిగించింది. నడుం పట్టేసింది. ఒక్కో కెటిలుకూ గెంజిరోకు ఒక్కో తిట్టు పడింది. మూడో రోజు పొద్దున తిట్లు అయిపోయాయి గానీ మంచు అవలేదు. కాగితం పొట్లం కోటు జేబులో పెట్టుకుని పై ఇంటికి ఎక్కింది.

గెంజిరో భార్య తొషియె వంటింటి గుమ్మంలో కూర్చుని కత్తితో యుజు తొక్కలు తీస్తోంది. పక్కన బుట్టెడు కాయలు.

"అక్కా! మా ఇంటికి దారి గుర్తుందన్నమాట," అంది నవ్వుతూ.

మళ్ళీ నవ్వు. హిసానో పొట్లం విప్పి ముందు పెట్టింది. "ఇది మా కాలువలోకి ఎలా వచ్చింది?"

తొషియె వంగి చూసింది. "అయ్యో, మొన్న ఊట దగ్గర కడుగుతుంటే గిన్నె జారింది. ఒకటేనా వచ్చింది? గుప్పెడు పోయాయి. చక్కెర పాకం పెడదామని ఒలిచిందంతా పోయిందే అని ఏడ్చాననుకో!"

"మరి నీళ్ళు వెచ్చగా ఎందుకున్నాయి?"

తొషియె నవ్వు ఆగింది. "అదేదో ఆయన్నే అడుగు. పెరట్లో ఉన్నాడు. నా మాట వినడు," అని మళ్ళీ కత్తి తీసుకుంది.

హిసానో పొట్లం మడిచి తీసుకుని ఇల్లు చుట్టి వెనక్కు వెళ్ళి ఆగిపోయింది. గెంజిరో కొలను లేదు. అది ఉన్న చోటంతా గడ్డకట్టి తెల్లటి నేలలా ఉంది. మధ్యలో పళ్ళెమంత కన్నం, దాని పక్కన డెబ్భై అయిదేళ్ళ ముసలాడు మోకాళ్ళ మీద కూర్చుని కెటిల్ వంచుతున్నాడు. ఊట దగ్గర నుంచి నల్ల గొట్టం ఒకటి, సగం మంచులో కూరుకుపోయి, కొలనును తాకకుండా నేరుగా కాలువలోకి దిగింది.

"ఏమయ్యా, ఇదేంటి?"

"ఊట సగానికి పడిపోయింది," అన్నాడు గెంజిరో తల ఎత్తకుండానే. "వానల్లో పైన చరియ జారింది కదా, అప్పట్నుంచీ తగ్గుతూనే వచ్చింది. రెండు కొలనులకు చాలదు. నా దాంట్లో పడి తిరిగి నీ దాకా వచ్చేసరికి చల్లబడి గడ్డకడుతుంది. అందుకని గొట్టం వేసి, నేల లోపలి వెచ్చదనం పోకుండా ఊట నీళ్ళు ఊటలాగే పంపిస్తున్నా."

"నాకు చెప్పొద్దా?"

"గొట్టం వేశాక రెండుసార్లు వచ్చా. ఇంట్లో ఎవరూ లేరని లోపల్నుంచి నువ్వే అరిచావు." కెటిల్ కింద పెట్టాడు. "ఈ చలికాలానికి చేపను నా దగ్గర ఉంచు, ఎండలు ముదిరాక తీసుకుపో అని చెప్పడానికే వచ్చా ఆ రోజు. సగం మాటకే తలుపేశావు. చేప పైకి రాదని తేలింది. ఇక నీళ్ళే కిందికి పంపించా."

"మరి నీ చేపలు?" అంది హిసానో.

గెంజిరో గడ్డంతో గోడవైపు చూపించాడు. గడ్డిచాప మీద చచ్చిన కోయి చేపలు నాలుగు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. "రెండు పోయిన వారం. రెండు నిన్నా ఇవాళా. ఏడు మిగిలాయి. నావి మళ్ళీ పుట్టించుకోవచ్చులే. త్సునెకిచి చేపలో ఉన్న ఎరుపు ఇక ఎవడి వల్లా కాదు."

నిన్నా ఇవాళా. ఆ నీళ్ళు నిన్నా ఇవాళా మురుగు గుంటలోకి పోయాయి. ఆయనకు తెలీదు. కాలువ మలుపు అవతల పలక ఇక్కడికి కనబడదు. నోరు మూసుకుని కిందికి పోయి పలక తీసేస్తే ఎప్పటికీ తెలీదు. హిసానో ఆ ఆలోచన చేసింది. చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"గెంజిరో, నేను కాలువ మూసేశా. రెండు రోజులైంది."

"ఏంటీ?"

"నువ్వు స్నానం నీళ్ళు వదులుతున్నావనుకున్నా. నీళ్ళన్నీ గుంటలోకి పోయాయి." చెయ్యి చాపి కాగితం విప్పింది. ఎండి ముడుచుకుపోయిన తొక్క.

ముసలాడు దాన్ని చూశాడు. గోడవారగా ఉన్న చివరి రెండు చేపలను చూశాడు. తిడతాడేమో అని హిసానో నిలబడింది. తిడితే బాగుండుననిపించింది.

"గొట్టం నీ కొలనులోకి తిప్పెయ్," అంది హిసానో. "నీ ఏడూ బతుకుతాయి."

"తిప్పితే నీది పోతుంది. అప్పుడీ నాలుగూ ఎందుకు చచ్చినట్టు?" గెంజిరో మళ్ళీ కన్నం మీదికి వంగాడు. "ఇంకా నిలబడ్డావేం? వెళ్ళి పలక తియ్యి."

హిసానో జారుతూ, పడుతూ దిగింది. పలక గడ్డకట్టి బిగుసుకుపోయింది. వేణ్ణీళ్ళు పోసి రెండు చేతులా లాగితే చివరికి ఊడింది. సన్నగా పొగ లేస్తూ నీళ్ళు కొలనులో పడ్డాయి. కాసేపటికి అడుగున ఎర్రటి వీపు ఒకటి ఆ వెచ్చదనం వైపు మెల్లగా జరిగింది. బతికే ఉంది. దాన్ని చూడ్డానికి హిసానోకు ముఖం చెల్లలేదు. పొయ్యి మీద ఉన్న రెండు కెటిళ్ళూ దించుకుని, నీళ్ళు చల్లారకముందే గెంజిరో కొలనుకు చేరాలని, మళ్ళీ పై ఇంటి వైపు ఎక్కసాగింది.