నూనె పోసిన చెయ్యి

బాలలక్ష్మికి అన్యాయం జరిగింది 2022 దసరా తెల్లారి, కామారెడ్డిలో, ఆమె సొంత వాకిట్లోనే. చేసింది మొగుడు పురుషోత్తం.

పాత కార్లు కొని అమ్మడం అతని పని. బేరం కుదిరిన రోజు ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ. కొనేవాడు వచ్చేలోపు బాలలక్ష్మి తానం చేసి, బొట్టు పెట్టుకుని, డబ్బాలోని చిక్కటి నూనె ఇంజన్లో పోయాలి. ఆడమనిషి చేత్తో పోస్తే కలిసొస్తుందట. దోమకొండ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి పోస్తూనే ఉంది. అరిగిన ఇంజన్ చప్పుడును ఆ చిక్కదనం కొన్నాళ్లు నొక్కిపెడుతుందని ఆమెకు తెలుసు. ఆపైన తెలియదు. అంతకుముందు కొన్నవాళ్లెవరూ ఇంజన్ విప్పించలేదు, విసిగిపోయి తుక్కుకు అమ్ముకున్నారు.

ఆ రోజు తెల్ల కారు కొన్నది ఎల్లారెడ్డి దగ్గరి తండా జైసింగ్. కామారెడ్డికి కిరాయికి తిప్పుకుందామని. దీపావళి దాటేసరికి నూనె పలచబడింది. ఎత్తు ఎక్కినప్పుడల్లా లోపలి నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్. మెకానిక్ దేవన్న దగ్గరికి తెచ్చాడు. దేవన్న పెట్రోలు మార్చి చూశాడు, టైమింగ్ సరిచేశాడు. పోలేదు. ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకాడు. మూడోది పీకగానే చప్పుడు మెత్తబడింది. ఇంజన్ దించి, ఆ సిలిండర్ కింది బేరింగు మార్చాడు. కారు నిమ్మళంగా వెళ్లిపోయింది.

చప్పుడు మాత్రం పోవాల్సిన చోటికి పోయింది. అదే సాయంత్రం బియ్యం చెరుగుతున్న బాలలక్ష్మి గుండెల్లో టక్ టక్. మెట్లెక్కితే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. గోడ అవతలివాళ్లు విని, ఈమెకూ వచ్చిందా అనుకుని కూర కలుపుకున్నారు.

దవాఖానలో గుండె బాగుందన్నారు. అక్కడి నుంచి నేరుగా దేవన్న షెడ్డుకు వచ్చింది. దేవన్న పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఆమె వీపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"తెల్ల కారుది, చెల్లె. ఇంజన్ విప్పినంక చప్పుడు దాచిన చేతికే వస్తది. తీసుడు నాతోని కాదు."

"గీ సంగతి మా ఆయనకు ఎరుకేనా అన్నా?"

దేవన్న స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. "కార్లమ్మేటోళ్లల్ల ఎవలన్న తన చేత్తోని నూనె పోసుడు సూసినవా?"

ఇంటికి వచ్చి మొగుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వినాలి.

జనవరి చివర నల్ల కారుకు బేరం కుదిరింది. కొనేవాడు వీధి మలుపు తిరిగాడు. పురుషోత్తం డబ్బా అందించాడు.

"చెయ్యి లేస్తలేదు," అంది.

"గిప్పుడే నాటకాలా? ఆయన వస్తుండు."

"నీకు రెండు చేతులున్నయి గద. నువ్వు పోస్తే కలిసిరాదా?"

అతను డబ్బా వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. బేరం వదులుకుంటే సరిపోయేది. ఆమె గుండె గురించి ఏనాడూ తటపటాయించని మనిషి తన గుండె దగ్గరికొచ్చేసరికి కాసేపు నిలబడ్డాడు. ఆశే గెలిచింది. ఇంజన్ విప్పించేదాకా ఎవడొస్తాడులే అనుకుని పోశాడు.

కారు తీసుకుపోతున్నాయనకు బాలలక్ష్మి గేటు దాకా ఎదురొచ్చి చెప్పింది. "ఎత్తు మీద చప్పుడొస్తే ఊకోకు అన్నా. దేవన్న షెడ్డుకు పోయి ఇంజన్ విప్పియ్యి."

ఆమె చప్పుడు పోలేదు, చచ్చేదాకా పోదు. ఆ ఇంట్లో ఇప్పుడు రెండు వినిపిస్తాయి. దేవన్న నల్ల కారు ఇంజన్ విప్పింది 2023 మార్చి 9, గురువారం.