చార్జి అప్పగింత

కెనడాలోని బ్రాంప్టన్‌లో శనివారం తెలుగు బడికి టీచర్లు ఇద్దరు, సలోమి, వాసంతి. సెప్టెంబరు నుంచి ఒక్కరే చాలన్నాడు కమిటీ పెద్ద రంగనాథ్. ప్రొజెక్టరున్న గది ఒక్కటే దొరికిందట. బొమ్మలతో, ఆన్‌లైన్ పాఠాలతో ఎవరు బాగా చెబితే క్లాసు వాళ్లది. జూన్ చివరి శనివారం పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు ఇద్దరూ డెమో ఇవ్వాలి.

అరవై తొమ్మిదేళ్ల సలోమికి ఇది చిన్న దెబ్బ కాదు. భీమవరంలో ముప్ఫై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషి, చివరి ఆరేళ్లు హెడ్మిస్ట్రెస్. ఇక్కడ కొడుకింట్లో వారమంతా ఆవిడ్ని పిలిచేది లంచ్ బాక్సు కోసమే. శనివారం రెండు గంటలు మాత్రం పద్దెనిమిది మంది పిల్లలు లేచి నిలబడి ‘నమస్కారం టీచర్’ అంటారు. ఆ రెండు గంటల కోసమే మిగతా ఆరు రోజులూ ఓర్చుకునేది.

నార్త్ యార్క్ బ్యాంకులో ఐటీ చేసే సంజయ్ కమిటీ తరఫున వచ్చి ఇద్దరికీ కంప్యూటరు నేర్పాడు. వాసంతి ఒక్క పూటలో నేర్చేసుకుంది. సలోమికి మౌసు పట్టుకోవడానికే వారం పట్టింది. మనవరాలు స్టెఫీ పక్కన కూర్చుని, “నో నానమ్మా, రైట్ క్లిక్” అని విసుక్కుంటూనే నేర్పింది.

తీరా నేర్చుకున్నాక బొమ్మలేవీ? నెట్‌లో చేట అని కొడితే చెత్త ఎత్తే ప్లాస్టిక్ పార వచ్చింది. కవ్వం అని కొడితే ఎవరో హీరోయిన్ నవ్వుతోంది. ఖర్మ! భీమవరంలో ఉన్న చెల్లెలు బేబీకి ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చేట, జల్లెడ, రోకలి, కవ్వం పట్టుకుని ఫోటోలు తీయించి పంపింది. చిటికెన వేలు సగం లేని ఆవిడ ఎడమ చెయ్యి ప్రతి ఫోటోలోనూ ఉంది. మొత్తం నూట పన్నెండు బొమ్మలు. ఒక్కోదానికీ సలోమి తన గొంతుతో పేరు చెప్పి రికార్డు చేసింది. అన్నీ స్టెఫీ చేత ఆన్‌లైన్లో ఒకే ఫోల్డర్లోకి ఎక్కించింది.

సరిగ్గా అప్పుడే కంటి శుక్లం ఆపరేషన్ పడింది. రెండు వారాలు స్క్రీన్ చూడొద్దన్నారు. ఆ రెండు శనివారాలూ క్లాసు వాసంతికి అప్పగించాలి. భీమవరంలో సలోమి బడిలో సెలవు పెట్టడమంటే బీరువా తాళాలగుత్తి మొత్తం తీసి చేతిలో పెట్టి రిజిస్టర్లో సంతకం చేయడం. ఫోల్డర్ చూసే పర్మిషన్ ఇస్తే చాలు, ఓనర్‌షిప్ ఇవ్వొద్దని సంజయ్ చెప్పనే చెప్పాడు.

“తాళం సగం ఇస్తారా బాబూ ఎవరైనా? చార్జంటే చార్జే” అంది సలోమి. స్టెఫీ చేత ఓనరుగా వాసంతి పేరు పెట్టించింది.

నమ్మి చెడినవారు లేరంటారు. ఆ సామెత కట్టినవాడికి వాసంతి పరిచయం లేదు.

డెమో ముందురోజు సలోమి ఫోల్డర్ తెరవబోతే, మీకు అనుమతి లేదు, ఓనర్ని అడగండి అని వచ్చింది. అడిగింది. జవాబు లేదు. వాసంతి చూసుకుని ఉండదులే అనుకుంది వెర్రి తల్లి.

మర్నాడు ముందు వాసంతి వంతు. మొదటి స్లైడు మీదే ‘తయారుచేసినవారు: వాసంతి’ అని పెద్ద అక్షరాలు. తర్వాత చేట, జల్లెడ, రోకలి. గొంతు మాత్రం వాసంతిది. సలోమి గొంతు ఒక్కచోట కూడా మిగల్లేదు. ఆ చెయ్యి ఎవరిదని ఒక పిల్ల ఇంగ్లీషులో అడిగింది.

“మా అమ్మది కన్నా. ఊళ్లో తీసి పంపింది” అంది వాసంతి, తడబాటన్నది లేకుండా.

సలోమి లేచి నిలబడింది.

“అది మా బేబీ చెయ్యి. ఆ వేలు కొడవలికి తెగినప్పుడు నేను పక్కనే ఉన్నాను.”

రంగనాథ్ వచ్చి ఆవిడ భుజం పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు. “పాపం, సలోమి గారికి కన్ను ఆపరేషన్ అయింది కదండీ. ఇంకా సరిగ్గా ఆనట్లేదు.”

తల్లిదండ్రులు జాలిగా తలలూపారు. సంజయ్ వంగి ప్రొజెక్టర్ వైరు సర్దుతున్నాడు. సలోమి స్టెఫీ వైపు చూసింది. ఆ ఫోటోలు ఒక్కొక్కటీ ఎక్కించిన పిల్ల, నోరు విప్పితే చాలు. స్టెఫీ సిగ్గుతో ఎర్రబడి, “నానమ్మా, ప్లీజ్ సిట్ డౌన్” అంది.

సలోమి వంతు వచ్చింది. లాప్‌టాప్ మీద అదే మాట, అనుమతి లేదు. వాసంతి ఫోన్ తీసి నొక్కింది.

“అయ్యో ఆంటీ, మీ రిక్వెస్ట్ ఇప్పుడే చూశా. యాక్సెస్ ఇచ్చేశా. చూడ్డానికి మాత్రమే సుమండీ, పొరపాటున ఏదైనా డిలీట్ అయితే కష్టం కదా.”

ఫోల్డర్ తెరుచుకుంది. సలోమి చేట బొమ్మ మీద నొక్కింది. వాసంతి గొంతు ‘చేట’ అంది. పద్దెనిమిది మంది పిల్లలూ లేచి నిలబడి, వాసంతి వైపు తిరిగి, ‘చేట’ అన్నారు.